కుదించిన మంచాలు

నాంచారమ్మ మొగుడు పిచ్చయ్య చింతలకుర్తి ఊరు మొత్తానికీ పొడుగు మనిషి. ఆ సంగతి ఆమెకి పెళ్ళిచూపుల నాడే తెలుసు. గుమ్మం తగిలి అతని నుదురు బొప్పి కడితే తడిగుడ్డ తెచ్చి ఇచ్చింది తనే. కానీ పొడుగు కూడా ఒక రోగమేననీ, ఆ రోగం ఉన్నవాళ్ళని సర్కారు ఆసుపత్రిలో చేర్చుకోరనీ మాత్రం గేటు దగ్గరికి పోయాకే తెలిసింది.

పిచ్చయ్య ఇళ్ళకి సున్నం కొడతాడు. మిగతా వాళ్ళు నిచ్చెన మోసుకుని వస్తే అతను కుంచె ఒక్కటే పట్టుకుని వస్తాడు. మొన్న ఒక డాబా ఇంట్లో సున్నం డ్రమ్ము ఎత్తబోతే గజ్జల్లో ఏదో కలుక్కుమంది. మర్నాటికి నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ సువర్చల నొక్కి చూసి, "పేగు జారింది. లోపల ఇరుక్కుందంటే ప్రాణం మీదికొస్తుంది. ఆలస్యం చెయ్యకుండా వచ్చి చేరండి" అంది. నాంచారమ్మ రెండు దుప్పట్లు, ఒక చెంబు, సీసాలో కాస్త గోంగూర పచ్చడి మూటగట్టుకుని మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది.

వార్డులకి పోయే దారిలో గేటుకి అడ్డంగా ఒక వెదురుకర్ర కట్టి ఉంది. పక్కన స్టూలు మీద వాచ్‌మన్ మస్తాను కూర్చుని ఉన్నాడు.

"అక్కా, బావని ఆ కర్ర కిందనుంచి నడిపించు" అన్నాడు.

"వంగి రావాలా తమ్ముడూ?"

"వంగకూడదు. తిన్నగా నడవాలి. వంగినవాళ్ళని లెక్కలోకి తీసుకోవద్దన్నారు."

పిచ్చయ్య తిన్నగా నడిచాడు. కర్ర వచ్చి అతని రొమ్ముకి తగిలి ఆగింది. మస్తాను ఒకసారి పైకీ ఒకసారి కిందికీ చూసి, బస్సు మీద సామాను సర్దేవాడిలా, "పట్టడు" అన్నాడు.

"ఎందులో పట్టడు?"

"మంచంలో. కుదించారుగా!"

జరిగింది ఇదీ. ఈ ఆసుపత్రిని వంద పడకల ఆసుపత్రి చేస్తున్నామని ఆ మధ్య ఒక సభలో పెద్దలెవరో చప్పట్ల మధ్య చెప్పేశారు. ఆ మాట ఊరంతా విన్నది గానీ ఆసుపత్రి గోడలు వినలేదు. అవి ఎక్కడివక్కడే నిలబడ్డాయి. లోపల ఉన్నవి డెబ్భై మంచాలు. కొత్త గదులు కట్టడానికి పైసా రాలేదు. వంద అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు.

అప్పుడు సూపరింటెండెంటు డాక్టర్ పట్టాభిరామారావు గారు తలుపేసుకుని ఆలోచించారు. తలుపు తీసేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. ఆసుపత్రిలో ఉన్న ప్రతి రోగినీ టేపుతో కొలవమన్నారు. మగవాళ్ళని కొలిచారు, ఆడవాళ్ళని కొలిచారు, విరేచనాల పిల్లల్ని కొలిచారు, కాన్పుల వార్డులో ఉయ్యాలల్లో ఉన్నవాళ్ళని కూడా కొలిచారు. ఆ వారం కాన్పులు కాస్త జోరుగానే అయ్యాయి. అన్నీ కూడి భాగిస్తే చింతలకుర్తి రోగి సగటు పొడవు నాలుగడుగుల చిల్లర అని తేలింది.

"సార్, పురిటిబిడ్డల్ని కూడా కలిపేశారు" అని హెడ్ నర్సు ఎలీషమ్మ నసిగింది.

"పురిటిబిడ్డ పౌరుడు కాడా సిస్టర్?"

"పౌరుడే సార్."

"మరి? లెక్కలో వివక్ష చూపమంటారా?"

ఎలీషమ్మ చూపమనలేదు. ఇంకేముంది, ప్రతి మంచం మీదా సుమారు రెండడుగుల ప్రభుత్వ స్థలం వృథాగా పడి ఉందని రుజువైపోయింది. వెల్డింగు వాళ్ళు వచ్చి మంచాలన్నిటినీ నడుము దగ్గర కోసి, పొట్టి చేసి అతికారు. కోసిన ముక్కల్ని ఒకదానికొకటి అతికి కొత్త మంచాలు చేశారు. పరుపుల్ని రంపంతో కోశారు. దుప్పట్లని కత్తెరతో కోశారు. వంద మంచాలూ వార్డుల్లో బారులు తీరాయి. గోడ మీద ఒక ఉత్తర్వు అంటించారు.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, తగ్గించుట వేరు, కుదించుట వేరు. తగ్గించుట అనగా ఉన్నదానిలో కొంత లేకుండా చేయుట. కుదించుట అనగా ఉన్నదంతయు ఉంచుతూనే తక్కువ చోటులో ఇముడ్చుట. ఈ ఆసుపత్రిలో పడకలు తగ్గించబడలేదు, కుదించబడినవి. కుదించబడిన దానిని తిరిగి పెంచుట నేరముగా పరిగణించబడును."

పై అధికారులు వచ్చి చూసి శాలువా కప్పి పోయారు. దాంతో కుదింపు గాలి ఆసుపత్రి అంతా వీచింది. సెలైను కడ్డీలు కుదించారు. సీసా కిందికి దిగడంతో సెలైను ఎక్కడం కూడా నెమ్మదించింది. స్ట్రెచర్లు కుదించారు. రోగి కాళ్ళు ముందుకి పొడుచుకొచ్చి దారిలో జనాన్ని తప్పుకోమన్నట్టు ఉండేవి. రోగులు మంచాల మీద రొయ్యల్లా ముడుచుకుని పడుకునేవాళ్ళు. అలా ముడుచుకోలేక చాలామంది ఒంట్లో నలత ఉండగానే ఇంటికి పోయేవాళ్ళు. ఇంటికి పోయినవాళ్ళని నయమైనవాళ్ళ లెక్కలో వేసేవారు. ఆ లెక్కన చింతలకుర్తిలో రోగాలు మునుపెన్నడూ లేనంత తొందరగా నయమవుతున్నాయి.

ఈ సంగతులన్నీ మస్తాను చెబుతుంటే నాంచారమ్మ మూట దించి దానిమీద కూలబడింది.

"ఏమే, పోదాం పద. తాయెత్తు కట్టించుకుంటాలే" అన్నాడు పిచ్చయ్య.

"తాయెత్తు కడితే పేగు లోపలికి పోద్దా? నువ్వు నోరుమూసుకుని నిలబడు. పెద్దడాక్టర్నే అడుగుతా" అని ఆమె లేచింది.

సూపరింటెండెంటు గారి గదిలో బల్ల, కుర్చీ కూడా కుదించి ఉన్నాయి. ఆయన మోకాళ్ళు బల్లకి పైన కనిపిస్తున్నాయి. ఆమె చెప్పిందంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"చూడమ్మా, నీ భర్తకి వైద్యం నిరాకరించడం లేదు. అతని పొడవుని మాత్రమే నిరాకరిస్తున్నాం. రెండూ వేరు వేరు అంశాలు."

"పొడుగు ఇంట్లో పెట్టి రాలేంగా బాబూ."

"అతను కాళ్ళు ముడుచుకోవచ్చు. ప్రభుత్వం అభ్యంతరపెట్టదు."

"ముడిస్తే ఆ ఉబ్బు నొక్కుకుపోయి ప్రాణం పోతంది బాబూ. నిన్న చెప్పులేసుకోవడానికి వంగి కెవ్వుమన్నాడు."

"మరైతే జిల్లా ఆసుపత్రికి పో."

వెనకాల నిలబడ్డ ఎలీషమ్మ గొంతు సవరించుకుంది. "సార్, మనల్ని చూసి వాళ్ళు కూడా కుదించారు. వాళ్ళవి మనకంటే చిన్నవి."

సూపరింటెండెంటు గారి మొహంలో కాస్త అసూయ కనిపించింది. ఆయన కలం గిరగిరా తిప్పి, ఒక ఉపాయం చెప్పారు. "నేను వైద్యుణ్ణి. మనిషి ఎంత పొడుగున్నాడో నిర్ణయించే అధికారం నాకు లేదు. అది రెవెన్యూ వారి పని. ఇతను నాలుగున్నర అడుగుల లోపేనని తాసిల్దారు ఆఫీసునుంచి సర్టిఫికెట్ తీసుకురా. కళ్ళెదుట ఎంత కనిపించినా నేను సర్టిఫికెట్‌నే నమ్ముతాను."

నాంచారమ్మ తాసిల్దారు ఆఫీసుకి పోయింది. పిచ్చయ్య పంచె పైకి ఎగ్గట్టి, ఉబ్బు మీద అరచెయ్యి ఆనించి, ఎండలో ఆమె వెనక నడిచాడు. అక్కడి గుమస్తా అతన్ని చూసి కొలబద్ద తెచ్చాడు. కొలబద్ద చాల్లేదు. స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. కొలిచి కిందికి దిగి, "ఎక్కువే ఉన్నాడమ్మా" అన్నాడు బాధగా.

"అయ్యా, కాస్త చూసి రాయండి. మీ ఇంటికి సున్నం కొట్టింది ఈయనే."

గుమస్తా ఇంకోసారి చూశాడు. అతనికి తన ఇంటి పైకప్పు గుర్తొచ్చినట్టుంది. "సరే, కూర్చోమను" అన్నాడు. పిచ్చయ్య బల్ల మీద కూర్చున్నాడు. పిరుదుల నుంచి నడినెత్తి దాకా కొలిస్తే హద్దు లోపలే వచ్చింది. కూర్చున్న స్థితిలో సదరు పిచ్చయ్య నాలుగున్నర అడుగులకి లోబడి ఉన్నాడని కాగితం రాసి, గుండ్రటి ముద్ర గుద్ది ఇచ్చాడు.

ఆ కాగితం చూసి సూపరింటెండెంటు గారు ఎంతో సంతోషించారు. మరుక్షణమే నిట్టూర్చారు. "కూర్చున్న స్థితిలో అని ఉందే! కూర్చున్న రోగి అంటే బయటి రోగి. మంచం పడుకున్నవాళ్ళకే ఇస్తాం. కూర్చున్నవాళ్ళకి చీటీ రాసి, మాత్రలిచ్చి పంపిస్తాం." అన్న మాట నిలబెట్టుకుంటూ రెండు మాత్రలిచ్చి పంపించారు.

మాత్రలు మింగిన పిచ్చయ్యకి మధ్యాహ్నానికి నొప్పి ఎక్కువైంది. వరండాలో గోడకి చేరగిలబడి పళ్ళు బిగబట్టాడు. చెమటలు కారుతున్నాయి. డాక్టరమ్మ సువర్చల అటుగా పోతూ ఆగి, వంగి నొక్కి చూసింది. ఉబ్బు మునుపటికంటే గట్టిగా ఉంది.

"ఇంకా చేర్చుకోలేదా? ఈ సాయంత్రం చెయ్యకపోతే కష్టం."

"కొలత కుదరలేదంటున్నారమ్మా" అంది నాంచారమ్మ. అంతదాకా ఆమె ఏడవలేదు. ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మంచం నంబరు లేకపోతే థియేటర్ తలుపు తియ్యరమ్మా నాకు. నేను మూడుసార్లు అడిగి తిట్టు తిన్నాను" అని డాక్టరమ్మ పళ్ళు కొరికింది.

వరండా కిటికీలోంచి నాంచారమ్మకి మగవాళ్ళ వార్డు కనిపిస్తోంది. మంచాలు సగానికి సగం ఖాళీ. జనం తొందర తొందరగా నయమైపోయారు కదా! ఎలీషమ్మ ఖాళీ మంచాల మీద దిండ్లని నిలువుగా పెట్టి, వాటిమీద దుప్పటి కప్పుతోంది.

"అదేంటి సిస్టరమ్మా, దిండ్లకి జ్వరమా?"

"రేపు పరిశీలన బృందం వస్తోందమ్మా. మంచాలు నిండుగా లేకపోతే వంద పడకల హోదా పీకేస్తారంట. సారు అన్నం కూడా తినడంలేదు."

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. మూట మొగుడి తలకింద పెట్టి, నేరుగా సూపరింటెండెంటు గారి గదిలోకి పోయింది.

"బాబూ, రెండు మంచాలు ఒకదాని కాళ్ళకాడ ఒకటి వేస్తే మా ఆయన పడతాడు."

ఆయన ఉలిక్కిపడ్డారు. "రెండు మంచాలు కలపడమా? కుదించిన దాన్ని పెంచినట్టవుతుంది. నేరం!"

"మంచాలు కలపొద్దు బాబూ. మంచాలు మంచాల్లాగే ఉంటాయి. ఆయన్నే రెండు చెయ్యండి."

ఆయన కలం తిప్పడం ఆపి ఆమె వైపు చూశారు.

"ఇంట్లో పొడుగాటి దుప్పటి పెట్టెలో పట్టకపోతే సగానికి మడిచి పెడతాం" అంది నాంచారమ్మ. "ఈయన్ని మడిస్తే నొప్పి. అందుకని మడవకుండానే సగం చెయ్యండి. పైసగం ఒక మంచం, కిందిసగం ఒక మంచం. ఏ సగమూ మీ కర్రకి తగలదు. పైగా ఒక మనిషి వస్తే మీకు రెండు మంచాలు నిండుతాయి."

పట్టాభిరామారావు గారు మెల్లగా లేచి నిలబడ్డారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. "పడకను కుదించాం... దుప్పటిని కుదించాం... రోగిని కుదించవచ్చునన్న ఆలోచన మన శాఖలో ఇంతవరకు ఎవరికీ రాలేదే! తగ్గించడం లేదు. ఉన్నదంతా ఉంటోంది. తక్కువ చోటులో ఇముడుతోంది. ఇది స్వచ్ఛమైన కుదింపు!" అని గంట కొట్టారు.

పిచ్చయ్యని రెండుసార్లు చేర్చుకున్నారు. పిచ్చయ్య ఎగువ, పిచ్చయ్య దిగువ. ఎగువ పిచ్చయ్యకి సంతకం వచ్చు గనుక సంతకం పెట్టాడు. దిగువ పిచ్చయ్యకి చదువు లేదు గనుక కాలి బొటనవేలి ముద్ర తీసుకున్నారు. మస్తాను ఆ వేలికి సిరా పూస్తూ, "బావా, కదలబాక, నాకు నవ్వొస్తంది" అన్నాడు.

"నాకు చక్కిలిగిలి పెడుతున్నావు కదరా!"

"నీకు కాదు బావా, కిందాయనకి. నువ్వు వేరు."

రోగికీ రోగికీ మధ్య జానెడు ఖాళీ ఉండాలన్నది ఇంకో నిబంధన. అందుచేత రెండు మంచాల మధ్యా జానెడు సందు వదిలారు. రెండు పొలాల మధ్య గట్టులాగా పిచ్చయ్య నడుము ఆ సందులో వేలాడింది. నాంచారమ్మ గబగబా తన దుప్పట్లు మడిచి, స్టూలు మీద వేసి, సందులోకి తోసి నడుముకి ఆసరా పెట్టింది.

ఇక ఆ పేగు ఏ పిచ్చయ్యది అన్న ప్రశ్న పుట్టింది. ఉబ్బు సందుకి దరిదాపుల్లో ఉంది. నొప్పి అని అరుస్తున్నది ఎగువ పిచ్చయ్య. అరవనివాడికి ఆపరేషన్ చెయ్యడం ఎలా? సూపరింటెండెంటు గారు స్వయంగా వచ్చి, టేపు పట్టి, బొడ్డుని సరిహద్దుగా ప్రకటించారు. ఉబ్బు బొడ్డుకి కిందుంది గనుక దిగువ పిచ్చయ్యది. ఎగువ పిచ్చయ్య కేవలం సానుభూతితో అరుస్తున్నాడు.

"సానుభూతా? ప్రాణం పోతోంది బాబూ!" అన్నాడు పిచ్చయ్య.

"పక్క మంచం వాడి కోసం ఇంత బాధపడేవాళ్ళు ఈ రోజుల్లో అరుదు" అని ఆయన మెచ్చుకున్నారు.

థియేటర్ దగ్గర పని మళ్ళీ ఆగింది. దిగువ రోగికే లోపలికి అనుమతి ఉంది. ఎగువ రోగి బయట ఉండాలి. డాక్టరమ్మ సువర్చల చేతులకి తొడుగులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "సార్, పైసగాన్ని దిగువవాడికి తోడుగా రానివ్వండి. తోడుకి ఒకరిని రానిస్తాం కదా" అంది. అలా అయితే సరేనన్నారు. తోడుగా వచ్చేవాడు ఆపరేషన్ చూడకూడదు గనుక కళ్ళు మూసుకోవాలని షరతు పెట్టారు.

నడుముకి సూది వేశారు. కాసేపటికి దిగువ పిచ్చయ్య మొద్దుబారిపోయాడు. ఎగువ పిచ్చయ్య మాత్రం మెలకువగా ఉండి, కళ్ళు మూసుకునే, "ఇంకా మొదలెట్టలేదా అమ్మా?" అని అడిగాడు. గాజుతలుపులోంచి ఇది చూసిన సూపరింటెండెంటు గారి కళ్ళు చెమర్చాయి. "చూశారా సిస్టర్! ఒకడు నిద్రలో, ఇంకొకడు మెలకువలో! నేను కాగితం మీద చేసిన విభజనని శాస్త్రం కూడా ఒప్పుకుంది!"

ఎలీషమ్మ నాంచారమ్మ చెయ్యి పట్టుకుని ఉంది.

డాక్టరమ్మ బయటికి వచ్చి మాస్కు దించింది. "పేగు బాగానే ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే కోసెయ్యాల్సి వచ్చేది. భయం లేదు, మీ ఆయన బాగానే ఉన్నాడు."

"రెండు సగాలూనా అమ్మా?"

"రెండూనమ్మా."

నాంచారమ్మ అక్కడే నేలమీద కూర్చుని, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది.

మర్నాడు పరిశీలన బృందం వచ్చింది. బృందం పెద్దాయన పిచ్చయ్య దగ్గర ఆగి, ఈ తల ఉన్న మంచాన్నీ, ఆ కాళ్ళున్న మంచాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఈ ఇద్దరు రోగులూ చాలా దగ్గరగా ఉన్నారే!"

"అన్యోన్యంగా ఉంటారు సార్" అన్నారు సూపరింటెండెంటు గారు. "చేరినప్పటి నుంచీ ఒకరినొకరు వదలడంలేదు."

"ఇద్దరినీ బాగా చూస్తున్నారా?" అని పెద్దాయన పిచ్చయ్యని అడిగాడు.

"నా సంగతి పర్లేదు బాబూ. ఆయనకే కుట్లు సలుపుతున్నాయి" అన్నాడు పిచ్చయ్య, కాళ్ళ వైపు చూపించి.

పెద్దాయన మెచ్చుకుని ముందుకి నడిచాడు. వంద పడకల హోదా నిలిచింది. మధ్యాహ్నం రెండు భోజనాలు, రెండు గుడ్లు, రెండు అరటిపళ్ళు వచ్చాయి. ఎగువ పిచ్చయ్య తనవి తిన్నాడు. దిగువ పిచ్చయ్యకి నోరు లేకపోవడంతో అతని వంతు నాంచారమ్మ తింది. అన్నం ముద్దలో గోంగూర పచ్చడి కలుపుకుంటూ, "నీకంటే నీ కాళ్ళే నయం, నాకింత తిండి పెట్టాయి" అంది.

"కాళ్ళతో మాట్లాడుకో అయితే" అని పిచ్చయ్య అలిగి, అరటిపండు తొక్క వలిచాడు.

ఈ వైభోగం ఎంతోసేపు నిలవలేదు. సూపరింటెండెంటు గారు రౌండ్లకి వచ్చి ఎగువ మంచం దగ్గర ఆగారు. జ్వరం చూశారు, లేదు. నాలుక చూశారు, శుభ్రంగా ఉంది. "ఇతనికి ఏ రోగమూ లేదే! ఆరోగ్యవంతుడు సర్కారు మంచం ఆక్రమించుకుని గుడ్లు తింటున్నాడు. వెంటనే డిశ్చార్జి చెయ్యండి."

"సార్, కింది ఆయన కుట్లు..." అంది ఎలీషమ్మ.

"కింది ఆయన్ని ఎవరు పొమ్మన్నారు? అతను ఉండాలి. ఇతను పోవాలి."

డిశ్చార్జి అయినవాడు వార్డులో ఉండకూడదు. పిచ్చయ్య లేచి నిలబడితే కాళ్ళు కూడా పోతాయి, అవి పోకూడదు. అందుచేత దిగువ మంచాన్ని గుమ్మం దాకా జరిపారు. కాళ్ళు వార్డులో, తల వరండాలో. వార్డు తలుపు వెయ్యబోతే నడుముకి తగిలింది. సగం తెరిచి ఉంచారు. నాంచారమ్మ వరండాలోని బల్లని అతని వీపు కిందికి జరిపి, దాని చివర మొగుడి తలని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. లోపల దిగువ పిచ్చయ్య మీద ఈగలు వాలితే ఎవరు విసరాలి? ఆమెకి లోపలికి పోవడానికి చీటీ లేదు. పిచ్చయ్య తన కాళ్ళని తానే ఊపుకుని ఈగల్ని తోలుకున్నాడు.

డాక్టరమ్మ సువర్చల వచ్చి, కట్టు మార్చి, "ఇంక ఇక్కడెందుకు? ఇంటికి తీసుకుపో. బండి ఎక్కేటప్పుడు మెల్లగా. పదో రోజు వస్తే కుట్లు తీస్తాను" అంది. నాంచారమ్మ సంతోషంగా లేచింది.

సూపరింటెండెంటు గారు మాత్రం ఒప్పుకోలేదు. "కిందిసగాన్ని వదిలితే ఒక మంచం ఖాళీ అవుతుంది. మళ్ళీ బృందం ఎప్పుడు వస్తుందో తెలియదు. ఈ ఏడాది చివరిదాకా దిగువ పిచ్చయ్య మా సంరక్షణలో ఉండి తీరాలి."

"ఏడాది చివరిదాకానా? మా ఇంటికి తిండి పెట్టేది ఈయన పని బాబూ. కాళ్ళు లేకుండా సున్నం ఎట్టా కొడతాడు?"

"కొట్టేది చేతులతో కదమ్మా. చేతులు నీకు ఇచ్చేశాం."

నాంచారమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆయన వెటకారం చెయ్యడంలేదు. మనస్ఫూర్తిగా అంటున్నారు. ఆమె చేతులు జోడించింది.

"అయితే బాబూ, పైసగం పూర్తిగా నాదే కదా? డిశ్చార్జి అయిపోయింది కదా?"

"పూర్తిగా నీదే. ఇక్కడినుంచి ఎంత తొందరగా తీసుకుపోతే అంత మంచిది."

"కిందిసగం మీదే. మీరే చూసుకోండి. నేను దాన్ని ముట్టుకోను. మీ ముందే చెబుతున్నా."

"మంచిది. ఇలాంటి సహకారమే కావాలి."

ఆమె వరండాలోకి వచ్చి మొగుడి రెండు చంకల్లో చేతులు వేసింది. "లే."

"కాళ్ళో?"

"కాళ్ళ మాట ఎత్తావంటే ఊరుకోను. నేను పైసగాన్నే తీసుకుపోతున్నా. అవి వస్తే వాటిష్టం."

పిచ్చయ్య మెల్లగా లేచాడు. కాళ్ళు కూడా లేచాయి. ఎలీషమ్మ వార్డులోంచి చూసింది. రెండు దిండ్లు తెచ్చి, దిగువ మంచం మీద నిలువుగా పెట్టి, దుప్పటి కప్పి, నలతగా ఉన్నవాళ్ళకి చేసినట్టే అంచులు సర్దింది.

గేటు దగ్గర మస్తాను చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కా, పైసగానికి డిశ్చార్జి చీటీ ఉంది. కిందిసగానికో?"

"కిందిసగం లోపలుంది తమ్ముడూ. నమ్మకపోతే పోయి చూడు."

మస్తాను పోయి చూసి వచ్చాడు. దుప్పటి కింద కాళ్ళున్నట్టే ఉంది. గేటు దగ్గరా కాళ్ళున్నాయి. అతను చాలాసేపు ఆ కాళ్ళనే చూసి, నెత్తి గోక్కుని, "అచ్చం బావ కాళ్ళలాగే ఉన్నాయి. ఎవరివో పాపం" అని కర్ర పైకెత్తాడు.

పదో రోజు ఇద్దరూ కుట్లు తీయించుకోవడానికి వచ్చారు. డాక్టరమ్మ అయిదు నిమిషాల్లో తీసేసింది. గాయం శుభ్రంగా మానింది. వరండాలో సూపరింటెండెంటు గారు ఎదురయ్యారు. పిచ్చయ్యని గుర్తుపట్టి, ముందుగా మొహం చూశారు, తరువాత పొట్ట చూశారు, బొడ్డు దగ్గర చూపు ఆపేశారు. అంతకు కిందికి చూడటం ఆయన అధికార పరిధిలోనిదే గానీ, అక్కడేదో చిక్కు ఉందని ఆయనకి తోచినట్టుంది.

"నువ్వు కులాసాగా ఉన్నావు. సంతోషం. నీ కిందిసగం ఎలా ఉంది?"

"అది మీ దగ్గరే ఉందిగా బాబూ" అంది నాంచారమ్మ. "మీరే చెప్పాలి."

ఆయన వెనక్కి తిరిగారు. "సిస్టర్, దిగువ పిచ్చయ్య పరిస్థితి ఏమిటి?"

ఎలీషమ్మ తల దించుకుని, వార్డు వైపు చూసి చెప్పింది. "నిలకడగా ఉంది సార్. కదలడంలేదు. పాలు మిగల్చడంలేదు."

"మరింత జాగ్రత్తగా చూడండి. ఇంకో గుడ్డు పెంచండి" అని ఆయన ముందుకి సాగిపోయారు.

ఆ గుడ్డుని ఎలీషమ్మ కాగితంలో చుట్టి నాంచారమ్మ చేతిలో పెట్టింది. నాంచారమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. మెట్ల దగ్గర మొగుడు ఆగిపోతే వీపు మీద ఒక్కటి వేసి, "నడవ్వేం? కాళ్ళు లేవనుకుంటున్నావా?" అంది. పిచ్చయ్య ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న తన రెండు కాళ్ళతో మెట్లు దిగి, ఇంటికి నడిచాడు.